మొదటి ధార

గొట్టం తీసే రోజు పొద్దున మా వార్డులో ఎవరూ గట్టిగా మాట్లాడేవారు కాదు. ఆపరేషనైన 10వ రోజు అది. పిల్లవాడికి ముందు రాత్రే చెప్పి ఉంచేదాన్ని, "రేపు నువ్వు నిలబడి ఒంటికి పోస్తావు, నేను చూస్తాను" అని. లేవగానే ఒక గ్లాసు పల్చటి మజ్జిగ, గంటాగి ఒక గ్లాసు పంచదార నీళ్లు పట్టించేదాన్ని. ఎనామెల్ బేసిన్ కింద పెట్టి, పక్కనున్న కుళాయి సన్నగా తిప్పి ఆ చప్పుడు వాడికి వినపడనిచ్చేదాన్ని. తల్లి గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడేది. నేను నేల మీద మోకాళ్లూని ఒకటే చూసేదాన్ని: ధార కొసనుంచి వస్తోందా, కిందనుంచి వస్తోందా, రెండుచోట్లా వస్తోందా.

నేను 1975లో కోస్తా జిల్లాలోని ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. 2011లో రిటైరయ్యాను. ఈ 36 ఏళ్లలో ఎక్కువ కాలం పిల్లల సర్జరీ వార్డులోనూ ఆ థియేటర్లోనూ గడిచింది. చేరిన ఏడాదే మా ప్రొఫెసర్ గారు పిలిచి, "అమ్మాయ్, కేస్‌షీట్‌లో మేం రాసేది మేం చేసిన పని. గొట్టం తీశాక ఏమైందో చూసేది నువ్వు. అది నువ్వు రాసిపెట్టు" అన్నారు. అలా మొదలైన నోటు పుస్తకాలు నాలుగయ్యాయి. పేర్లు రాయలేదు. తేదీ, వయసు, ఏ వైపు ఊరో, ఆ పక్కన ఒకటి రెండు మాటలు. "కొసనుంచే, సన్నగా." "కొసన సగం, కింద సగం." "అంతా కిందనుంచే. తల్లి ఏడ్చింది."

ఈ తేడాను డాక్టర్లు హైపోస్పేడియాస్ అంటారు. గర్భంలో మూడో నెల ప్రాంతంలో మగశిశువు అంగం కిందివైపు రెండు అంచులు కలుసుకుంటూ వస్తాయి. కజ్జికాయ మడిచి ఒక కొసనుంచి అంచులు నొక్కుకుంటూ పోయినట్టు, వెనకనుంచి ముందుకు మూసుకుంటూ పోయి మూత్రనాళం తయారవుతుంది. ఆ మూసుకోవడం ఎక్కడ ఆగిపోతే రంధ్రం అక్కడే ఉండిపోతుంది. ఎక్కువమందికి కొసకు దగ్గర్లోనే ఆగుతుంది. కొందరికి మధ్యలో, కొద్దిమందికి బీజాల సంచి దగ్గర, ఇంకా వెనక. దాంతోపాటు అంగం కిందికి వంగి ఉండొచ్చు. ముందరి చర్మం కిందివైపు ఉండదు, పైన మాత్రం ముసుగులా పోగుపడి ఉంటుంది. సుమారు 300 మంది మగపిల్లల్లో ఒకరికి ఇలా ఉంటుందని లెక్క. ఏ పెద్ద హైస్కూలు తీసుకున్నా ఒకరిద్దరు ఉంటారన్నమాట. చెప్పుకోరు.

మా దగ్గరికొచ్చిన తల్లులు కూడా సూటిగా చెప్పేవారు కాదు. "వీడికి కిందనుంచి పడుతుందమ్మా" అనేవారు. "ఆడపిల్లలా కూర్చుని పోస్తాడు, బళ్లో పిల్లలు ఏడిపిస్తున్నారు" అనేవారు. రంధ్రం బాగా వెనక ఉండి, బీజాలు కిందికి దిగని పిల్లల్ని మంత్రసాని ఆడపిల్ల అని చెప్పి, అలాగే గౌన్లు తొడిగి పెంచి, మూడేళ్లకో నాలుగేళ్లకో తీసుకొచ్చినవాళ్లూ ఉన్నారు. అలాంటి బిడ్డల విషయంలో కత్తి పట్టుకునేముందు ఆడా మగా తేల్చే పరీక్షలు జరగాలి. అవి జరిగేదాకా ఆ ఇంటిల్లిపాదీ పడిన నరకం నాకు తెలుసు. ముస్లిం కుటుంబాల్లో కొందరు మొదట సంతోషించేవారు, దేవుడే సున్తీ చేసి పంపాడని. తర్వాత పైన మిగిలిన చర్మాన్ని కూడా తీయించేసేవారు. వాళ్ల తప్పు లేదు, వాళ్లకెవరూ చెప్పలేదు. కానీ కొత్త నాళం కుట్టడానికి మా సారుకు కావలసిన గుడ్డ ఆ ముసుగే. అది పోయిందంటే ఒంటి మీద ఇంకెక్కడో వెతుక్కోవాలి.

రిటైరయ్యే ముందు కొన్నేళ్లు నర్సింగ్ విద్యార్థినులకు పాఠాలు చెప్పాను. అప్పుడు ప్రొఫెసర్ గారు తన పుస్తకాల బీరువా తాళం నా చేతికిచ్చారు. ఈ ఆపరేషన్ వెనకున్న 2,000 ఏళ్ల కథ ఆ బీరువాలో చదివాను, నా నోటు పుస్తకాలు పక్కన పెట్టుకుని. చదువుతున్నకొద్దీ నాకు ఒకటే పట్టుకుంది. ప్రతి కాలంలోనూ ఎవరో ఒకరు "బాగైంది" అని రాశారు. ఆ మాట ఎవరిని అడిగి రాశారు, ఆపరేషనైన ఎన్నాళ్లకు రాశారు?

పేరు గ్రీకు వాళ్లు పెట్టింది. కింద చీలిక అని అర్థం. రెండో శతాబ్దంలో రోమ్‌లో వైద్యం చేసిన గాలెన్ రాతల్లో ఆ మాట ఉంది. ఈ మగవాళ్లకు పిల్లలు కలగకపోవడానికి కారణం వీర్యం లేకపోవడం కాదు, వంపు వల్ల అది చేరాల్సిన చోటికి చేరకపోవడమే అని ఆయన తేల్చాడు. ఇది చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. 1980ల్లో కూడా మా ఓపీ బయట గొడ్రాలనిపించుకుంటూ ఏడ్చిన కోడళ్లు నాకు గుర్తొచ్చారు. ఒక్కసారి మీ అబ్బాయిని పరీక్షకు పంపండి అంటే అత్తగార్లు మా మీదికి లేచేవారు. గాలెన్ మాట 1,800 ఏళ్లలో ఆ వరండా దాకా నడిచి రాలేదు.

పల్లెటూరి కోడలిదాకా ఎందుకు, ఫ్రాన్స్ రాణికే ఆ నింద తప్పలేదు. కాథరిన్ ది మెదిచీకి 1533లో, తర్వాత రాజైన హెన్రీతో పెళ్లయింది. పదేళ్లు పిల్లల్లేరు. ఆవిడను వదిలించుకోవాలన్న మాట కొలువులో పుట్టింది. హెన్రీకి ఈ తేడా ఉండేదని వైద్య చరిత్ర రాసేవాళ్లు చెబుతారు. 1544లో మొదటి కొడుకు పుట్టాడు. మొత్తం పదిమంది పుట్టారు.

కారణం గాలెన్‌కు తెలిసింది, వైద్యం మాత్రం తెలియలేదు. ఆ కాలపు సర్జన్లు హెలియోడోరస్, అంటిల్లస్ చెప్పిన పద్ధతి రాయడానికి చెయ్యి రావడం లేదు. రంధ్రాన్ని ముందుకు తేలేరు కనక, రంధ్రం ఎక్కడుందో అక్కడిదాకా అంగం కొసను కోసేయమన్నారు. రక్తం ఆగకపోతే కాల్చమన్నారు. ఏడో శతాబ్దంలో ఏజినా ద్వీపానికి చెందిన పాల్ కూడా అదే రాశాడు. చేత్తో పైకెత్తి పట్టుకుంటే తప్ప వీళ్లు ముందుకు మూత్రం పోయలేరు, కొస తీసేస్తే పోయగలరు అన్నది వాళ్ల లెక్క. మత్తు లేని రోజులు. ధార ముందుకు పడింది కాబట్టి బాగైంది అని రాసుకున్నారు. కోయించుకున్నవాడు ఏమన్నాడో ఏ గ్రంథంలోనూ నాకు కనపడలేదు.

అక్కడినుంచి ఒక్క గెంతున 19వ శతాబ్దానికి వస్తాను. కానీ ఆ గెంతుకు ముందు పునా దగ్గర ఒక క్షణం ఆగాలి. 1794 అక్టోబరులో లండన్‌లో జెంటిల్మెన్స్ మాగజీన్ ఒక ఉత్తరం అచ్చువేసింది. ఇంగ్లీషు సైన్యానికి ఎద్దుల బండి తోలిన కావస్జీ అనే అతను 1792 యుద్ధంలో టిప్పు సైన్యానికి చిక్కితే ముక్కు కోసేశారు. పునా దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన అతని నుదుటి చర్మాన్ని ఆకులా కోసి, తొడిమ తెంపకుండా కిందికి తిప్పి, కొత్త ముక్కు కట్టాడు. తొడిమ ఉంది కాబట్టి రక్తం అందింది, చర్మం బతికింది. అది చదివి లండన్‌లో కార్ప్యూ 1814లో చేసి చూశాడు. తర్వాత బెర్లిన్‌లో గ్రేఫే. ఆ దారిలోనే ముక్కులు కట్టడంలో పేరు తెచ్చుకున్నవాడు బెర్లిన్ సర్జన్ డీఫెన్‌బాక్.

ఈ డీఫెన్‌బాకే 1830ల్లో హైపోస్పేడియాస్‌కు ఒక ప్రయత్నం చేశాడు. కొసను గుచ్చి, లోపల రంధ్రం దాకా సందు చేసి, దాంట్లో సన్న గొట్టం పెట్టి ఉంచాడు. గొట్టం చుట్టూ చర్మం దానంతటదే పరుచుకుంటుందని ఆశ. పరుచుకోలేదు, మూసుకుపోయింది. ముక్కు కట్టడానికి తొడిమ ఉన్న చర్మం వాడిన మనిషి ఇక్కడ ఆ తొడిమను ఎందుకు వాడలేదా అని నేను చాలాసార్లు అనుకున్నాను. ఆ రెంటినీ కలపడానికి ఇంకా చాలా కాలం పట్టింది. కలిపినవాళ్లలో ఒకరు మన దేశం మనిషి. ఆ మాట తర్వాత చెబుతాను.

1860 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో బూయిస్సన్ వంపు మీద అడ్డంగా కోసి అంగాన్ని నిటారు చేశాడు, నాళానికి బీజాల సంచి చర్మం తీసుకున్నాడు. దగ్గర్లో దొరికే చర్మం, సాగుతుంది, రక్తం బాగా అందుతుంది. పసివాడికి ఆపరేషన్ చేస్తే ఏ లోపమూ కనపడదు. పద్నాలుగు పదిహేనేళ్లు వచ్చాక తెలుస్తుంది, ఆ చర్మానికి వెంట్రుకలు మొలుస్తాయని. నాళం లోపల వెంట్రుకలు, వాటి చుట్టూ పేరుకున్న రాళ్లు. మా వార్డుకు అలాంటి కుర్రాడు ఒకడు వచ్చాడు, చిన్నప్పుడు ఎక్కడో చేయించుకున్నాడు. ధారకు అడ్డం పడుతున్న వెంట్రుకల ముడిని సారు పట్టకారుతో లాగుతుంటే ఆ కుర్రాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. వాడికి ఆపరేషన్ చేసినవాళ్ల రికార్డులో ఆ కేసు "బాగైంది" అనే ఉండి ఉంటుంది. పదేళ్ల తర్వాత అడిగినవాళ్లు లేరు.

1869లో జర్మనీలో టీర్ష్, రంధ్రం పైవైపు ఉండే ఎపిస్పేడియాస్ అనే ఇంకో తేడాకు, రెండువైపులా చర్మపు రెక్కలు లేపి, ఒకదాని మీద ఒకటి కప్పి, లోపలి కుట్టు మీద బయటి కుట్టు పడకుండా చూశాడు. రెండు కుట్లు ఒకే గీత మీద పడితే అక్కడే చిల్లు పడుతుంది. వార్డులో మేం ఫిస్టులా అనేది దాన్నే. తల్లులు "పక్కనుంచి కారుతోంది" అనేది దాన్నే. ఈ ఆపరేషన్ చేసినవాళ్లందరినీ వెంటాడిన శత్రువు అది.

పారిస్‌లో డ్యుప్లే 1874లో రాసిన పద్ధతి దగ్గర నేను ఎక్కువసేపు ఉండిపోయాను. ముందు వంపు సరిచేయడం, కొన్ని నెలలాగి నాళం చుట్టడం. అందులో ఒక చిన్న పరిశీలన. నాళం గుండ్రంగా పూర్తిగా మూసుకోకపోయినా పరవాలేదు, పైన చర్మం కప్పి పాతిపెడితే మిగిలిన ఖాళీని శరీరమే లోపలినుంచి పూడ్చుకుంటుంది అన్నాడు. డీఫెన్‌బాక్ ఆశ పడింది దాదాపు ఇదే. తేడా ఏమిటంటే డ్యుప్లే శరీరానికి అంచు పట్టుకోవడానికి ఒక చర్మపు పట్టీ వదిలాడు. ఆ ఒక్క వాక్యం అలా పడి ఉంది 75 ఏళ్లు.

దాన్ని మళ్లీ లేపినవాడు డెనిస్ బ్రౌన్. ఆస్ట్రేలియాలో పుట్టి, లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రిలో పనిచేశాడు. 1949లో ఆయన ప్రచురించిన ఆపరేషనే నేను థియేటర్లో మొదట చూసినది, నా చేతులతో పనిముట్లు అందించినది. అంగం కిందివైపు రంధ్రం నుంచి కొసదాకా వేలెడు వెడల్పు కూడా లేని చర్మపు పట్టీని కదపకుండా వదిలేస్తారు. రెండుపక్కల చర్మాన్ని లేపి దాని మీదికి లాగి కుడతారు. లోపల పట్టీ, పైన కప్పు. మధ్యలో గొట్టాన్ని శరీరమే తయారుచేసుకోవాలి. చర్మం బిగుతుగా ఉంటే పై వైపున నిలువుగా ఒక కోత పెట్టి వదులు చేస్తారు. మూత్రం కుట్ల మీదికి రాకుండా బీజాల సంచి వెనక చిన్న రంధ్రం చేసి గొట్టం గుండా పక్కకు మళ్లిస్తారు.

ఆ కుట్లకు పూసలుండేవి. అవును, గాజు పూసలు. నైలాన్ దారానికి రెండుపక్కలా ఒక్కో పూస, పూస వెనక అల్యూమినియం గొట్టపు చిన్న ముక్క. దాన్ని పట్టకారుతో నొక్కి దారం జారకుండా బిగించేవారు. ఆపరేషనయ్యాక వాపు వస్తే దారం చర్మాన్ని కోసేయకుండా ఆ పూస బరువు పంచుకుంటుంది. ఆ పూసలు లెక్కపెట్టడం నా పని. వాడాక సబ్బు నీళ్లలో కడిగి, ఎండబెట్టి, సూదికి గుచ్చి, చిన్న గాజు సీసాలో ఆటోక్లేవ్‌కు పంపేదాన్ని. ఒకటి తక్కువైతే నేలంతా వెతికేవాళ్లం. గాజు గొట్టాల్లో వచ్చే కాట్‌గట్ దారం మా కంటికే లావుగా కనిపించేది. సారుకు కళ్లద్దాలే తప్ప భూతద్దాలు లేవు. కరెంటు పోతే అటెండర్ టార్చి పట్టుకునేవాడు.

అప్పట్లో మొదటి విడత మూడేళ్ల వయసులో, రెండోది బళ్లో వేసేలోగా. ఈథర్ మత్తు. మెలకువ వచ్చిన పిల్లలు కట్టు లాగేసుకుంటారని చేతులు రెండూ తొట్టి ఊచలకు బ్యాండేజీ గుడ్డతో కట్టేదాన్ని. దుప్పటి తగలకుండా ఇనుప చట్రం పైన పెట్టేదాన్ని. "అక్కా, విప్పక్కా" అని ఏడ్చేవారు. కొంచెం పెద్ద పిల్లలకు రాత్రిపూట అంగం బిగిసి కుట్లు తెగుతాయని భయం. నిద్రమందు వేసి, మంచు ముక్కలు గుడ్డలో చుట్టి దగ్గర పెట్టుకుని కూర్చున్న రాత్రులెన్నో. ఆ చేతులు కట్టడం నాకు ఇప్పటికీ బాధే. తర్వాత్తర్వాత నడుం కింద వెన్ను కొసన ఇంజెక్షన్, మేం కాడల్ అనేవాళ్లం, అది మామూలయ్యాక పిల్లలు నొప్పి లేకుండా లేచి పాలు అడిగేవారు. ఏ సర్జన్ పేరూ లేని ఆ మార్పు, నా లెక్కలో, ఏ కొత్త ఆపరేషన్‌కూ తీసిపోదు.

నా మొదటి పుస్తకంలో 1975 నుంచి 1979 దాకా వరుసలున్నాయి. "కింద" అన్న మాట ఎన్నిసార్లు ఉందో లెక్కపెడితే మనసు చివుక్కుమంటుంది. చిల్లు పడితే ఆరునెలలాగి మూయడం, మళ్లీ పడితే మళ్లీ మూయడం. నాలుగైదుసార్లు కోయించుకున్న పిల్లలకు ఇక కుట్టడానికి మెత్తని చర్మం మిగలదు, అంతా మచ్చే. వాళ్లకు ఇంగ్లీషు పుస్తకాల్లో ఒక పేరుంది, హైపోస్పేడియాస్ క్రిపుల్ అని. అవిటివాడని. మా విద్యార్థినులను ఆ మాట కేస్‌షీట్లో రాయనిచ్చేదాన్ని కాదు. ఆ స్థితి వాడు తెచ్చుకున్నది కాదు, మా చేతుల్లో వచ్చింది.

ఇప్పుడు ఆగ్రా సంగతి. 1971లో ఆగ్రాకు చెందిన డాక్టర్ హరిశంకర్ అసోపా, ఆయన సహచరులు ఇంటర్నేషనల్ సర్జరీ పత్రికలో ఒక ప్రాథమిక నివేదిక ప్రచురించారు. పైన ముసుగులా పోగుపడిన ముందరి చర్మానికి రెండు పొరలుంటాయి. లోపలి పొర మెత్తగా ఉంటుంది, వెంట్రుకలు మొలవవు. దాన్ని గొట్టంలా చుట్టి, బయటి పొరకు అతుక్కునే ఉండనిచ్చి, ఆ రెంటినీ కలిపి కిందికి తిప్పి తెచ్చారు. లోపలి పొర నాళమైంది, బయటి పొర దాని మీద కప్పైంది. తొడిమ తెగలేదు. అంతా ఒకే విడతలో. పునా ఇటుకల మనిషి నుదుటి మీద చేసిన పని గుర్తొస్తుంది నాకు.

మా ప్రొఫెసర్ గారు ఈ పద్ధతి మొదలుపెట్టింది 1978లో. ముందు రాత్రి ఇంట్లో పాత చొక్కా చేతిని మడిచి, చుట్టి, తిప్పి చూసుకున్నారట. పొద్దున థియేటర్లో ఆ చొక్కా చేతినే మాకు చూపించి చెప్పారు, ఏది లోపలికి పోతుంది, ఏది పైకి వస్తుంది అని. దర్జీ కూతుర్ని కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. రెండు విడతలు ఒకటైతే ఆ తల్లులకు ఏం మిగిలేదో బయటివాళ్లకు తెలియదు. వరికోతలప్పుడు కూలి పోగొట్టుకుని, చంటిపిల్లను చంకనేసుకుని, ఆస్పత్రి వరండాలో మూడు వారాలు వండుకు తినడం రెండుసార్లు కాకుండా ఒక్కసారి అవుతుంది.

అదే దశాబ్దంలో ఇంకొకటి వచ్చింది, చాలా చిన్నది. 1974లో అమెరికాలో గిట్టెస్, మెక్‌లాఫ్లిన్ అనే ఇద్దరు, మత్తులో ఉన్న పిల్లవాడి అంగం మొదట్లో రబ్బరు బ్యాండు కట్టి, లోపలికి సెలైన్ ఎక్కించి నిటారుగా చేసి చూశారు. వంపు పూర్తిగా పోయిందో లేదో బల్ల మీదే తెలిసిపోతుంది. అంతకుముందు సర్జన్ కంటి అంచనాతో కుట్టేసేవాడు. పోయిందో లేదో పెద్దయ్యాక పెళ్లాంతో కాపురంలో ఆ మనిషికి తెలిసేది, తెలిసినా ఎవరికీ చెప్పలేకపోయేవాడు.

1980లో ఫిలడెల్ఫియా పిల్లల ఆస్పత్రి సర్జన్ జాన్ డకెట్ అసోపా దారిలోనే ఇంకో అడుగు వేశాడు. లోపలి పొరను బయటి పొరనుంచి విడదీసి, దాని రక్తనాళాల తొడిమను మాత్రం కాపాడి, ద్వీపంలా తిప్పాడు. ఈ పని మొత్తానికి హైపోస్పేడియాలజీ అని ఒక శాస్త్రం పేరు కూడా పెట్టాడు. పేరుకు తగ్గట్టే పద్ధతులు పెరిగిపోయాయి, 200 పైమాటే అంటారు. ఇన్ని పద్ధతులు ఉన్నాయంటే ఏదీ పూర్తిగా కుదరలేదనే కదా అని మా సారు అనేవారు.

1994లో వారెన్ స్నాడ్‌గ్రాస్ అనే అమెరికన్ సర్జన్ 16 మంది పిల్లల మీద చేసినది ప్రచురించాడు. రంధ్రం నుంచి కొసదాకా ఉన్న ఆ చర్మపు పట్టీ ఇరుకుగా ఉంటే నడిమధ్య నిలువుగా గీత పెట్టాడు. అది వెడల్పైంది. చుట్టి గొట్టం చేశాడు. గీత పెట్టిన చోటు పచ్చిగా ఉంటుంది, దాన్ని శరీరమే పూడ్చుకుంటుంది. 1874లో డ్యుప్లే, 1949లో బ్రౌన్ నమ్మినదే. ఈసారి ఎందుకు నిలిచిందంటే కంటికి భూతద్దాల జోడు ఉంది, వెంట్రుకంత దారం ఉంది, నాళానికీ పై చర్మానికీ మధ్య మెత్తని కండపొర ఒకటి అడ్డం వేయడం నేర్చుకున్నారు. మా థియేటర్లో ఇది మొదలయ్యేసరికి నేను నాలుగో పుస్తకంలో ఉన్నాను. కొసకు దగ్గర్లో రంధ్రం ఉన్న పిల్లల వరుసల్లో "కొసనుంచే" అన్న మాట ఒకదాని కింద ఒకటి పడుతుంటే, రాసే చెయ్యి తేలికయ్యేది. అన్నీ అలా కాదు. రంధ్రం బాగా వెనక ఉన్నవాళ్లకు ఇప్పటికీ రెండు విడతలే మేలని చాలామంది సర్జన్లు అంటారు, అవసరమైతే పెదవి లోపలి పొర తెచ్చి పరుస్తారు. అది కూడా కొత్తది కాదు, 1941లోనే హంబీ అనే ఆయన చేసి చూశాడు.

వయసు కూడా దిగివచ్చింది. 6 నుంచి 12 నెలల మధ్య చేయడం మంచిదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1996లో చెప్పింది. తెల్ల యూనిఫాం చూడగానే మంచం కిందికి దూరిన అయిదేళ్ల పిల్లల్ని చూసినదాన్ని కాబట్టి నేను ఒప్పుకుంటాను. మా రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మాత్రం ఎదురు జరిగింది. పెద్దవాళ్లు బయటికొచ్చారు. పన్నెండేళ్లవాళ్లు, పద్దెనిమిదేళ్లవాళ్లు, ఒక ముప్ఫై ఏళ్ల తాపీమేస్త్రీ. ఇన్నాళ్లూ డబ్బు లేక కొందరు, సిగ్గుపడి కొందరు.

ఇక నా ప్రశ్నకు వస్తాను. బాగైందని ఎవరిని అడిగారు? ఇంగ్లండులో ఐవర్ బ్రాకా అనే ప్లాస్టిక్ సర్జన్, చిన్నప్పుడు ఆపరేషన్ చేయించుకుని పెద్దవాళ్లయిన మగవాళ్లను పిలిచి అడిగాడు. 1989లో ఆ ఫలితాలు ప్రచురించాడు. సర్జన్ల రికార్డుల్లో బాగైనవాళ్లలో చాలామంది ఇంకా బాగుచేయించుకోవాలని ఉందన్నారు. ధార ముందుకు పడటం ఒక్కటే వాళ్లకు చాలలేదు. చూడటానికి అందరిలా ఉండాలనుకున్నారు. 1995లో తన రెండు విడతల పద్ధతిలో 600 కేసుల అనుభవం రాసినప్పుడు ఆ సంగతే ఆయనకు కొలబద్ద అయింది. 2001లో హోస్ అనే మార్కుల పట్టిక వచ్చింది. రంధ్రం ఎక్కడుంది, ఏ ఆకారంలో ఉంది, ధార ఎలా ఉంది, వంపు ఉందా, చిల్లు ఉందా. మొత్తం 16 మార్కులు. ఆ పట్టిక మొదటిసారి చూసినప్పుడు నేను మోకాళ్లూని చూసినవే దాంట్లో ఉన్నాయనిపించింది. కానీ నేను 10వ రోజున చూశాను, ఆ తర్వాత చూడలేదు. నా నాలుగు పుస్తకాల్లోనూ ప్రతి వరుసకూ మొదటి ధార ఉంది. రెండో మాట ఉన్న వరుసలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2019లో ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. నా దగ్గర పని నేర్చుకున్న సిస్టర్ ఒకామె నంబరిచ్చిందట. అవతల మనిషి గొంతులో నలభై దాటిన వయసు. "చిన్నప్పుడు మీ వార్డులో ఆపరేషన్ చేశారండి. ఇప్పుడు యూరాలజీ డాక్టర్ గారు అప్పుడేం చేశారో కాగితాలు తెమ్మన్నారు" అన్నాడు. ఆ కాలపు కేస్‌షీట్లు ఇప్పుడు లేవు. ఏ ఏడాది అని అడిగాను. తెలియదన్నాడు. అయిదేళ్లప్పుడట, కిటికీ పక్క మంచమట, దీపావళి టపాకాయల చప్పుడు ఆ మంచం మీదినుంచే విన్నాడట, కాకరపువ్వొత్తి కాల్చనివ్వలేదని ఏడ్చాడట. ఊరు దివిసీమలో.

రెండో పుస్తకంలో దొరికింది. చదివి వినిపించాను. "11-11-83. 5 ఏళ్లు. దివిసీమ వైపు. ముందరి చర్మపు గొట్టం, ఒకే విడత. కొసనుంచే, ధార బాగుంది. ఆఖర్న కింద ఒక చుక్క."

అవతల చాలాసేపు మాట లేదు. లైను తెగిందేమోనని "బాబూ" అన్నాను.

"ఆ చుక్క ఇప్పటికీ పడుతుంది సిస్టర్ గారూ" అన్నాడు. "ఇంటికొచ్చాక జామచెట్టెక్కి దూకాను. అందుకే కుట్లు తెగి చిల్లు పడిందని మా అమ్మ పోయేదాకా అంటూనే ఉండేది. నేను కూడా అదే అనుకుంటున్నాను."

ఇంటికి వెళ్లకముందే, గొట్టం తీసిన పొద్దుటే ఉంది బాబూ అని చెప్పాను. తేదీ మళ్లీ చదవమన్నాడు. చదివాను. కాగితం మీద రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఇంకోసారి చదవమన్నాడు.

ఫోను పెట్టేశాక అదే వరుస చివర మిగిలిన కాస్త జాగాలో ఆ రోజు తేదీ వేసి రాశాను: "41 ఏళ్లు. ఇప్పటికీ ఒక చుక్క. చెట్టెక్కినందుకు కాదు."